ముగ్గులు పెట్టే చేతులకు

ధనుర్మాసం వచ్చిందంటే మన తిరుపతి, చిత్తూరు వీధుల్లో ఆడపిల్లలు తెల్లారకముందే లేచి వాకిట్లో ముగ్గులేస్తారు. కళ్లాపి చన్నీళ్లు, రాతిపొడి ముగ్గుపిండి, మంచుగాలి మూడూ ఒకేసారి ఆ చేతుల మీద పడతాయి. సుమారు 700 మీటర్ల ఎత్తున ఉన్న మదనపల్లె, పలమనేరు వైపైతే చలి ఇంకాస్త ఎక్కువ. సంక్రాంతి నాటికి బొటనవేలు, చూపుడువేలు కొసలు సన్నగా పగులుతాయి. మీ బిడ్డ చెయ్యి వెలుతురులో పట్టి చూడండి. గోటితో మెల్లగా గీస్తే తెల్లచార పడిందంటే చర్మం ఎండిపోతోందన్నమాట.

చలిని తిట్టుకుంటాం గానీ, చాలా ఇళ్లలో ఎక్కువ నష్టం చేతులు కడిగే చోటే జరుగుతుంది. చర్మానికి సహజంగా కొద్దిపాటి ఆమ్లగుణం ఉంటుంది, పీహెచ్ 5 దగ్గర. మామూలు సబ్బుది 9, 10 దాకా ఉంటుంది. బోరు ఉప్పునీళ్లలో నురగ సరిగా రాదు కాబట్టి పిల్లలు ఇంకా రుద్దుతారు, ఆ సబ్బు వేళ్ల సందుల్లోనే ఉండిపోతుంది. అలాగని చేతులు కడగడం మాన్పించకండి. సబ్బు కొంచెమే ఇచ్చి, గోరువెచ్చని నీళ్లతో బాగా కడిగించండి. పొగలు కక్కే వేణ్నీళ్లు మాత్రం వద్దు.

తువ్వాలుతో రుద్దకుండా అద్ది, తడి పూర్తిగా ఆరకముందే, రెండు మూడు నిమిషాల్లోపు, వాజెలిన్ పలచగా రాయండి. వాజెలిన్ చర్మానికి నీళ్లివ్వదు, ఉన్న తడిని బయటికి పోనివ్వదు. అందుకే ఎండిన చేతికి రాస్తే ఫలితం తక్కువ. వాసన లోషన్లు పగుళ్ల మీద మండుతాయి, ఒకసారి మండిందంటే బిడ్డ మళ్లీ చెయ్యివ్వదు. నిమ్మచెక్కతో రుద్దే అలవాటుంటే మానేయండి. ముగ్గుకు కూర్చునే ముందు కొబ్బరినూనె రాసి పంపండి. వీలైతే బియ్యప్పిండితో వేయించండి, చేతికి అదే మెత్తన. పగుళ్లు ఎక్కువైతే రాత్రి వాజెలిన్ కాస్త మందంగా పట్టించి పాత నూలు సాక్సు తొడగండి. పసిపిల్లలకైతే ఈ సాక్సు వద్దు, నోట్లో పెట్టుకుంటారు.

ఒక్కటి గమనించండి. వేళ్ల సందుల్లో పొక్కులొచ్చి, రాత్రుళ్లు దురద ఎక్కువై, ఇంట్లో ఇంకొకరు కూడా గోక్కుంటుంటే అది గజ్జి కావచ్చు. దానికి నూనె రాస్తూ రోజులు గడపకండి. తిరుపతి రుయా ఆసుపత్రిలోనో, దగ్గరున్న చర్మవైద్యుల దగ్గరో చూపించండి. గజ్జే అని తేలితే డాక్టరు ఇచ్చిన మందు ఇంటిల్లిపాదీ ఒకేసారి రాసుకోవాలి. దుప్పట్లు, బట్టలు వేణ్నీళ్లలో ఉతికి ఎండలో ఆరేయాలి.