మన సన్ హిజ్రత్ నుంచే ఎందుకు?

మొహర్రం నెలతో ఇస్లామీ కొత్త సంవత్సరం మొదలవుతుందని మనందరికీ తెలుసు. కాని ఇది హిజ్రీ ఎన్నో సంవత్సరమని అడిగితే ఎంతమంది వెంటనే చెప్పగలరు? ఓసారి మేము మా దగ్గర చదువుకునే పిల్లల్ని ఈ మాటే అడిగాం. తరగతిలో ఒక్కరూ నోరు విప్పలేదు. నిజానికి అడిగే ముందు మేమూ గోడమీది క్యాలెండర్ చూసుకునే వచ్చాం!

పూర్వం అరబ్బులకు స్థిరమైన సన్ ఉండేది కాదు. ఏదో ఒక పెద్ద సంఘటనను పట్టుకొని లెక్కించేవారు. అబ్రహా ఏనుగులతో కాబాపైకి దండెత్తి వచ్చిన ఏడాది వారికి 'ఏనుగుల సంవత్సరం'. హజ్రత్ ఉమర్ (రజి) ఖిలాఫత్ కాలానికి పాలన ఇరాక్, సిరియాల దాకా విస్తరించింది. ఒక పత్రంలో గడువు 'షాబాన్' అని ఉందట. ఏ షాబాన్? గడిచిపోయిందా, రాబోయేదా? ఆయన సహాబాలను సమావేశపరచి సలహా అడిగారు. దైవప్రవక్త (స) జననం నుంచి లెక్కిద్దామని కొందరు, దైవదౌత్యం లభించిన నాటి నుంచని కొందరు, వఫాత్ నుంచని మరికొందరు అన్నారు. హజ్రత్ అలీ (రజి) హిజ్రత్‌ను సూచించారు. హిజ్రీ 17 ప్రాంతంలో అదే ఖాయమయింది.

ఈ ఎంపికను కాస్త ఆలోచించండి. క్రీ.శ. 622లో మక్కా వదిలినవారు ఇల్లూ వాకిలీ మాత్రమే కాదు, తమను కాపాడే తెగనూ వదిలారు. హజ్రత్ సుహైబ్ రూమీ (రజి) దారికి అడ్డొచ్చినవారికి సంపాదనంతా అప్పగించి బయలుదేరారు. మదీనాలో హజ్రత్ సఅద్ బిన్ రబీ (రజి) తన ఆస్తిలో సగం ఇస్తానంటే, హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) దువా ఇచ్చి, బజారుకు దారి చూపమన్నారు. రక్తసంబంధం లేనివారు అన్నదమ్ములైన రోజులవి. మన తాతముత్తాతల్లో ఆ దారిన నడిచినవారు ఎందరుంటారు? గుంటూరు రైతుకైనా, జావా జాలరికైనా మక్కా సొంతూరు కాదు. అయినా ఇద్దరూ ఆ ప్రయాణం నుంచే ఏళ్లు లెక్కిస్తారు. పుట్టుకతో వచ్చే బంధమైతే ఇది సాధ్యమయ్యేది కాదు.

దైవప్రవక్త (స) మదీనా చేరింది రబీఉల్ అవ్వల్‌లో. ఏడాది మాత్రం మొహర్రంతో మొదలవుతుంది. హజ్ ముగించుకొని జనం ఇళ్లకు మళ్లే నెల అదే మరి.

చాంద్రమాన సంవత్సరం సౌరమానం కన్నా సుమారు 11 రోజులు తక్కువ. అందుకే దాదాపు 33 ఏళ్లలో రంజాన్ అన్ని ఋతువులూ తిరిగి వస్తుంది. ఎండాకాలపు ఉపవాసం ఎప్పటికీ ఒకే దేశం వంతు కాదు. అయితే పంటల శిస్తుకు ఈ లెక్క కుదరదు కాబట్టి మన ప్రాంతంలో ఫసలీ వాడారు. పాత పహాణీల్లో చూడవచ్చు. చార్మినార్ కట్టిన 1591లోనే హిజ్రీ 1000 ప్రవేశించిన సంగతి మాత్రం మన పిల్లలకు ఎవరూ చెప్పరు.

ఆ రోజు తరగతి చివర ఒక అబ్బాయి చెయ్యెత్తాడు. సన్ తెలియదట. "నేను ఖాలీ నెలలో పుట్టానని మా నానీ చెబుతుంది" అన్నాడు. ఖాలీ అంటే జిల్‌ఖాదా. రెండు ఈదుల మధ్య ఖాళీగా ఉండే నెల కనుక మన ఇళ్లలో పెద్దలు పెట్టుకున్న పేరది. సన్ ఏదో నానీనే అడిగి రమ్మన్నాం.