కూడలిలో ఎవరిని నిలబెడుతున్నాం?



గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పట్టణాలలో ఏ చౌరస్తాకు వెళ్లినా ఏదో ఒక విగ్రహం మనకు కనిపిస్తుంది. మొన్న సత్యోపదేశ తరగతిలో ఒక యువకుడు నన్నడిగాడు: "ఫాదర్, అన్యాయం చేసినవాడి విగ్రహాన్ని తీసేస్తే చరిత్రను చెరిపేసినట్టు కాదా?"

మంచి ప్రశ్న. ఒకప్పుడు కోస్తా, రాయలసీమ తెలుగువారికి కూడా రాజధానిగా ఉన్న మద్రాసు నగరం దీనికి జవాబు చెప్పింది.

1857 తిరుగుబాటు కాలంలో జేమ్స్ నీల్ అనే ఆంగ్ల సైనికాధికారి అలహాబాదు ప్రాంతంలో ఎందరినో ఉరి తీయించాడు. కాన్పూరులో ఆంగ్ల స్త్రీలను, పిల్లలను చంపారు, అదీ ఘోరమే. అయితే నీల్ అక్కడ ఖైదీల చేత నేలమీది నెత్తురు నాకించి, ఆ తరువాత ఉరి తీయించాడు. చావులో కూడా వారి మతాన్ని, మానాన్ని మంటగలపాలన్నదే అతని ఉద్దేశం. అటువంటివానికి మద్రాసు మౌంట్ రోడ్డులో విగ్రహం నిలిపారు. దానిని తొలగించాలని 1927లో యువకులు సత్యాగ్రహం చేసి జైలుకు వెళ్లారు. గాంధీజీ వారిని సమర్థిస్తూనే అహింస తప్పవద్దని హెచ్చరించారు. పదేళ్ల తరువాత, 1937లో, రాజాజీ ప్రభుత్వ కాలంలో ఆ విగ్రహాన్ని మ్యూజియానికి తరలించారు.

ఇక్కడ ఒక భేదాన్ని గమనించాలి. జ్ఞాపకం ఉంచుకోవడం వేరు, గౌరవించడం వేరు. మ్యూజియంలో ఉన్న నీల్ చరిత్రకు సాక్షి మాత్రమే. కూడలిలో ఉన్న నీల్ "నాలాగా బ్రతకండి" అని మన పిల్లలకు చెప్పే గురువు. ఇంగ్లండులోని బ్రిస్టల్ నగరంలో 2020లో జనం నీళ్లలోకి తోసేసిన బానిసల వ్యాపారి కోల్‌స్టన్ విగ్రహం కూడా చివరకు మ్యూజియానికే చేరింది.

అలాగని తెల్లవారందరినీ ఒకే గాటన కట్టరాదు. ధవళేశ్వరం ఆనకట్టను 1852 నాటికి పూర్తిచేయించిన ఆర్థర్ కాటన్ కూడా కంపెనీ కొలువులోనివాడే. అయినా గోదావరి రైతులు తామే ఆయన విగ్రహాలు పెట్టుకున్నారు. చూడవలసింది ఒంటి రంగును కాదు. పేదవానికి ఆ మనిషి చేసిన మేలును, కీడును.

పవిత్ర గ్రంథం కూడా మనకు దారి చూపుతుంది. మోషే చేయించిన కంచు సర్పం ఒకప్పుడు ప్రజల ప్రాణాలు కాపాడింది. కాని జనం దానికే ధూపం వేయసాగినప్పుడు హిజ్కియా రాజు దానిని ముక్కలు చేయించాడు (2 రాజులు 18:4). మంచి గుర్తు సైతం మనుష్యులను తప్పుదారి పట్టిస్తే దానిని తీసివేయవచ్చునన్నమాట.

అయితే రాతిని తొలగించడం సులువు, మనసును మార్చుకోవడం కష్టం. ప్రవక్తల సమాధులను అలంకరిస్తూ, వారిని చంపినవారి బుద్ధినే మోసేవారిని ప్రభువు గద్దించాడు (మత్తయి 23:29-31). సంఘ బిడ్డల గత పాపాలకై 2000లో రెండవ జాన్ పాల్ పోపుగారు బహిరంగంగా క్షమాపణ వేడుకున్నారు. మరి మన మాటేమిటి? నీల్‌ను తిట్టే మనం కులం పేరుతో తోటి విశ్వాసిని దూరంగా కూర్చోబెడితే, ఆ నీల్ మన గుండెలోనే నిలబడి ఉన్నాడు కదా!

ఈ వారం కుటుంబ ప్రార్థన తరువాత పిల్లలతో ఈ రెండు ప్రశ్నలు మాట్లాడండి. మన ఊరి కూడలిలో ఉన్నవారు పేదలకు ఏమి చేశారు? దేశంలో ఎన్నో ఆనకట్టలకు మట్టి మోసిన మన పాలమూరు కూలీలను ఏ కూడలి గుర్తుంచుకుంది?