మృదుభాషణమా? ముఖస్తుతా?

ఈనాడు చాలామంది మేల్కొని ఉన్న సమయంలో ఎక్కువ భాగం గడిపేది భార్యాబిడ్డలతో కాదు. దుకాణంలో, కార్యాలయంలో, కార్ఖానాలో, పాఠశాలలో తోటి పనివారితో. ఒకరి పని మరొకరి పనిపై ఆధారపడిన చోట మాటపట్టింపులు రావడం సహజం. సరుకు ఆలస్యమైతే యజమాని గుమాస్తాపై విరుచుకుపడతాడు. బిల్లులో తప్పు దొర్లితే ఇద్దరు ఉద్యోగులు వారాల తరబడి మాట్లాడుకోరు. అలాంటి వేళ ఒక మంచి మాట నిప్పు మీద నీళ్ళలా పనిచేస్తుంది.

అయితే ఈ విషయంలో రెండు రకాల మనుషులు కనిపిస్తారు. ఒకరు పై అధికారిని ఆకాశానికెత్తి తమ పని చక్కబెట్టుకుంటారు. మరొకరు, నేను ముక్కుసూటి మనిషిని, నాకు ఖుషామద్ చేతకాదు అంటూ కటువుగా మాట్లాడటాన్నే నిజాయితీ అనుకుంటారు. ఇస్లాం ఈ రెంటినీ కాదని మధ్యేమార్గం చూపింది.

మెత్తదనం బలహీనత కాదు

హజ్రత్ మూసా (అలైహిస్సలాం), హజ్రత్ హారూన్ (అలైహిస్సలాం)లను ఫిరౌన్ వద్దకు పంపుతూ, అతనితో మృదువుగా మాట్లాడమని అల్లాహ్ ఆదేశించాడు (తాహా: 44). తానే ప్రభువునని ప్రకటించుకున్న వాడితోనే మెత్తగా మాట్లాడమన్నప్పుడు, మన పక్క కుర్చీలో కూర్చునే సహోద్యోగి అంతకంటే చెడ్డవాడా? మహాప్రవక్త (సఅసం) మృదు స్వభావం అల్లాహ్ కారుణ్యమేననీ, ఆయన కఠిన హృదయులై ఉంటే జనం చుట్టుపక్కల నుండి చెదిరిపోయేవారనీ దివ్య ఖుర్ఆన్ తెలిపింది (ఆలి ఇమ్రాన్: 159).

హక్కు తర్వాతే తీపి మాట

ఒక వ్యక్తి దైవప్రవక్త (సఅసం) వద్దకు వచ్చి తనకు రావలసిన ఒంటె బాకీని చాలా దురుసుగా అడిగాడు. సహాబీలు అతన్ని దండించబోయారు. ఆయన వారిని వారించి, హక్కుదారునికి మాట్లాడే అధికారం ఉంటుందని గుర్తుచేశారు. అతనికి రావలసిన వయసు ఒంటె దొరకలేదు. దానికంటే మేలైనదే దొరికితే, దాన్నే ఇప్పించి, బాకీని చక్కగా తీర్చేవారే ఉత్తములని బోధించారు (బుఖారీ, ముస్లిం).

ఈ సంఘటనలోని వరుసను గమనించండి. ముందు తన పక్షం వారి కోపాన్ని ఆపారు. తర్వాత ఎదుటివాని హక్కును ఒప్పుకున్నారు. ఆపైన హక్కుకు మించి ఇచ్చారు. ఇప్పుడు మన దుకాణాల సంగతి చూద్దాం. చిరిగిన చీర తిరిగి తెచ్చిన ఖాతాదారును కూర్చోబెట్టి, టీ తెప్పించి, మీలాంటి పెద్దలు మా దుకాణానికి రావడమే మా అదృష్టమని పొగిడి, చీర మార్చకుండా పంపేస్తే అది సత్ప్రవర్తన కాదు, మోసం. హక్కు చెల్లించాల్సిన చోట పొగడ్త చెల్లదు.

మెచ్చుకోవడంలో ప్రవక్త పద్ధతి

అబ్దుల్ ఖైస్ తెగ నుండి వచ్చిన ప్రతినిధి బృందంలో అషజ్ అనే నాయకుడు ఉన్నారు. మహాప్రవక్త (సఅసం) ఆయనతో, అల్లాహ్ ప్రేమించే రెండు గుణాలు మీలో ఉన్నాయన్నారు. ఒకటి సహనం, రెండోది తొందరపడకుండా ఆలోచించి పనిచేయడం (ముస్లిం). ఎంత చక్కని ప్రశంస! అది నిజమైనది, నిర్దిష్టమైనది, అల్లాహ్‌ను గుర్తుచేసేది.

మరో సందర్భంలో ఒకతను ఇంకొకరిని అతిగా పొగడగా, నీ మిత్రుని మెడ కోశావని ఆయన హెచ్చరించారు. పొగడక తప్పకపోతే, నేను ఇలా భావిస్తున్నాను, అసలు లెక్క అల్లాహ్ దగ్గర ఉంది అనే రీతిలో చెప్పమన్నారు (బుఖారీ, ముస్లిం). ఇమామ్ గజాలీ (రహ్మ) తన ఇహ్యా గ్రంథంలో పొగడ్తను నాలుక ఆపదల్లో ఒకటిగా లెక్కించారు. పొగిడేవాడు అతిశయించి అబద్ధంలో పడవచ్చు, మనసులో లేని ప్రేమ నటించవచ్చు, తెలియని విషయానికి సాక్ష్యమివ్వవచ్చు, దౌర్జన్యపరుణ్ణి సంతోషపెట్టవచ్చు. పొగడ్త విన్నవాడికి గర్వం రావచ్చు, లేదా ఇక చాలులే అని శ్రమ మానేయవచ్చు. ఇలా మొత్తం ఆరు నష్టాలు.

ముదారాత్, ముదాహనత్

ఒకసారి ఒక వ్యక్తి లోపలికి రావడానికి అనుమతి కోరాడు. అతను తన తెగలో చెడ్డవాడని దైవప్రవక్త (సఅసం) అన్నారు. కాని అతను లోపలికి రాగానే ఆదరంగా మాట్లాడారు. హజ్రత్ ఆయిషా (రజి) ఆశ్చర్యపోయి అడిగితే, ఎవని దుష్ప్రవర్తనకు భయపడి జనం దూరమవుతారో వాడే అందరికంటే చెడ్డవాడని వివరించారు (బుఖారీ). ఇక్కడ ధర్మవేత్తలు ఒక సూక్ష్మం చెప్పారు: ఆయన అతన్ని ఆదరించారే గాని పొగడలేదు. కనుక ముందు అన్న మాటకూ, తర్వాత చేసిన పనికీ వైరుధ్యం లేదు.

గొడవ నివారించడానికి మన సొంత సుఖాన్నో, పంతాన్నో వదులుకోవడం ముదారాత్. ఇది మంచిది. ప్రాపంచిక లాభం కోసం ధర్మాన్ని వదులుకోవడం ముదాహనత్. ఇది నిషిద్ధం. ఒక తీపి మాట నోట వచ్చేముందు, దీనికి మూల్యం ఎవరు చెల్లిస్తున్నారని ప్రశ్నించుకోండి. నా అహం చెల్లిస్తే అది పుణ్యం. సత్యమో, మరో వ్యక్తి హక్కో చెల్లిస్తే అది పాపం. అధికారి తన తప్పును జూనియర్ గుమాస్తాపై నెట్టినప్పుడు, "అవును సార్, మీరెప్పుడూ పొరబడరు" అనేవాడు మృదుభాషి కాదు, అన్యాయంలో భాగస్వామి. "సార్, ఆ కాగితం ఒక్కసారి మళ్ళీ చూద్దామా? అతని తప్పు కాదేమో అనిపిస్తోంది" అని నెమ్మదిగా చెప్పినవాడే మృదుభాషి.

ఆచరణ కోసం కొన్ని విషయాలు

1. కోపం వచ్చినప్పుడు నిలబడి ఉంటే కూర్చోవాలన్నది ప్రవక్త బోధన (అబూదావూద్). కోపం చల్లారాకే జవాబివ్వండి.

2. మనుషులతో మంచి మాట మాట్లాడాలన్న ఆజ్ఞలో (బఖరా: 83) ముస్లిం, ముస్లిమేతర భేదం లేదు. జనానికి కృతజ్ఞత చూపనివాడు అల్లాహ్‌కూ కృతజ్ఞుడు కాడని హదీసులో ఉంది (తిర్మిజీ). "నిన్న లెక్కలు మీరు సరిచూడబట్టే నా పని తేలికైంది" అని తోటి ఉద్యోగికి చెప్పండి. అవసరం పడ్డప్పుడే కాదు, ఏ అవసరమూ లేని రోజున కూడా చెప్పండి.

3. మీ ప్రశంసలన్నీ పైవారికే పోతున్నాయా? అయితే అది ఖుషామదే. పదేళ్ళు సేవచేసిన హజ్రత్ అనస్ (రజి)ని మహాప్రవక్త (సఅసం) ఒక్కసారి కూడా ఛీ అనలేదు (బుఖారీ, ముస్లిం). వాచ్‌మన్‌కు, ఊడ్చే అమ్మకు, టీ తెచ్చే కుర్రాడికి మీ మంచి మాట అందుతోందో లేదో చూసుకోండి.

4. స్త్రీ పురుషులు కలిసి పనిచేసే చోట పనిని మెచ్చుకోవాలి గాని రూపాన్నీ, దుస్తులనూ కాదు. చూపు దించుకోమన్న ఆజ్ఞ ముందుగా పురుషులకే వచ్చింది (నూర్: 30).

5. ఎదుట పొగిడి వెనుక తిట్టకండి. రెండు ముఖాలవాడిని హదీసు అతి నీచుడిగా పేర్కొంది (బుఖారీ, ముస్లిం).

చివరిగా ఒక మాట. పగలంతా ఖాతాదారులకు, అధికారులకు తీపి మాటలు పంచి, చేదునంతా మూటగట్టి ఇంటికి తెచ్చేవారు మనలో తక్కువేమీ కాదు. తన ఇంటివారితో మంచిగా ఉండేవాడే అందరిలో ఉత్తముడన్నది ప్రవక్త వాక్కు (తిర్మిజీ). ఇంట్లో లేని మృదుత్వం బజారులో కనిపిస్తే అది గుణం కాదు, సరుకు.

సత్యాన్ని మృదువుగా పలికే నాలుకను, మృదుత్వం కోసం సత్యాన్ని అమ్ముకోని హృదయాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.