సీసా ఒకటి - ఇళ్లు తొమ్మిది

కొత్తవలస విజయనగరం జిల్లాలో ఉంది. ఇక్కడ రెండు రైలు దారులు కలుస్తాయి. ఒకటి విజయనగరం నుంచి విశాఖపట్నం పోయే దారి. రెండోది అరకు మీదుగా కిరండూల్ పోయే దారి. తెల్లారితే చాలామంది రైలెక్కి, బస్సెక్కి విశాఖపట్నం పనులకు పోతారు. పొద్దుపోయాక ఇంటికొస్తారు.

ఊరు పెరిగింది. ఇళ్లు దగ్గర దగ్గరగా వచ్చాయి. అయినా పెరట్లో కోళ్లు మాత్రం పోలేదు.

ఆ ఊళ్లో ఒక వీధి. వీధి చివర రెండు గదుల ఇల్లు. ఇంటి వెనక నాలుగు కొబ్బరి చెట్లు, ఒక మునగ చెట్టు. ఆ ఇంట్లో అత్త, కొడుకు, కోడలు, ఇద్దరు పిల్లలు ఉంటారు. కొడుకు విశాఖపట్నంలో తాపీ పని చేస్తాడు. కోడలు చిన్నప్పుడు బడికి పోలేదు. పెళ్లయ్యాక రాత్రి బడిలో చదువు నేర్చుకుంది.

కోళ్ల డబ్బు ఎవరిది?

ఆ ఇంట్లో 14 కోళ్లుండేవి. ఆరు పెట్టలు, ఒక పుంజు, ఎదిగే పిల్లలు ఏడు. పొద్దున్నే అత్త గంప ఎత్తేది. గుప్పెడు నూకలు, గుప్పెడు చోళ్లు జల్లేది. తరవాత కోళ్లు వాటి తిండి అవే వెతుక్కునేవి. పురుగులు, చెదలు, గడ్డి గింజలు ఏరుకు తినేవి. సాయంత్రం వాటంతటవే గూటికి చేరేవి.

నాటు పెట్ట ఏడాదికి 50, 60 గుడ్లు పెడుతుంది. కొన్ని గుడ్లు పిల్లలు తినేవారు. కొన్ని పొదగేసేవారు. కొన్ని అమ్మేవారు. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాముల మాంసకృత్తులుంటాయి. ఎదిగే పిల్లలకు అది మంచి బలం.

కొడుకు తెచ్చే డబ్బు బియ్యానికి, కరెంటుకు, అప్పుకు సరిపోయేది. కోళ్ల డబ్బు ఆడవాళ్ల చేతిలో ఉండేది. పిల్లల పుస్తకాలు, జ్వరం వస్తే మందులు, పుట్టింటికి పోతే బస్సు చార్జీ, అన్నీ ఆ డబ్బుతోనే. ఆ డబ్బుకు ఎవరినీ అడగక్కర్లేదు. ఎవరికీ లెక్క చెప్పక్కర్లేదు.

ఆ వేసవిలో ఏం జరిగింది?

ఒక ఏడాది ఎండలు ముదిరాయి. ఒక పొద్దున్న పుంజు గంపలోంచి రాలేదు. రెక్కలు వాల్చేసింది. నోరు తెరిచి ఊపిరి తీస్తోంది. ఆకుపచ్చగా, తెల్లగా పారుకుంటోంది. విజయనగరం పైడితల్లమ్మకు మొక్కుకున్న పుంజు అది.

"ఏటయిందే పిల్లా దీనికి?" అంది అత్త.

"నిన్న బాగానే ఉంది అత్తా" అంది కోడలు.

అత్త పసుపు పెట్టింది. ఉల్లిపాయ దంచి తినిపించింది. మర్నాటికి రెండు పెట్టలు తూలాయి. ఒక పెట్టకు మెడ మెలి తిరిగింది. వారం తిరగకుండా 11 కోళ్లు చచ్చిపోయాయి. మూడు మిగిలాయి.

ఒక్క ఇంటితో ఆగలేదు. వీధంతా పాకింది. కొందరు చచ్చిన కోళ్లను కాలవలో పారేశారు. కుక్కలు వాటిని వీధంతా ఈడ్చాయి. కొందరు జబ్బు కోళ్లను సగం ధరకు అమ్మేశారు. ఆ కోళ్లతో పాటు జబ్బు కూడా ఇంకో వీధికి పోయింది.

"అమ్మోరికి కోపం వచ్చింది" అన్నారు కొందరు. "ఎవరి దిష్టో తగిలింది" అన్నారు ఇంకొందరు.

జూన్ వచ్చింది. బడి తెరిచారు. పెద్ద పిల్లకు నోటు పుస్తకాలు కొనాలి. కోళ్ల డబ్బు లేదు. కోడలు మొగుణ్ణి అడిగింది. అతను మేస్త్రి దగ్గర అప్పు తెచ్చాడు. కోడలికి ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఆ జబ్బు పేరేమిటి?

మన పల్లెల్లో దాన్ని కొక్కెర తెగులు అంటారు. డాక్టర్లు రాణీఖేత్ జబ్బు అంటారు. రాణీఖేత్ హిమాలయ కొండల్లో ఒక ఊరు. ఇప్పుడు ఉత్తరాఖండ్ రాష్ట్రంలో ఉంది. మన దేశంలో ఈ జబ్బును 1920ల చివర్లో ఆ ఊళ్లో గుర్తించారు. అందుకే ఆ పేరు. ఇంగ్లండులో న్యూకాజిల్ అనే ఊళ్లో 1926లో కనిపించింది. కొన్ని దేశాల్లో దాన్ని న్యూకాజిల్ జబ్బు అంటారు.

ఇది దిష్టి కాదు. అమ్మోరి కోపమూ కాదు. కంటికి కనపడని సూక్ష్మజీవి వల్ల వస్తుంది. జబ్బు కోడి రెట్ట, నోటి సొంగ, అది తిన్న గిన్నె, తాగిన నీళ్లు, అన్నిటిలో ఆ జీవి ఉంటుంది. మన కాళ్లకు, చెప్పులకు అంటుకుని కూడా ఇంకో ఇంటికి పోతుంది.

జబ్బు వచ్చాక మందు లేదు. రాకముందు టీకా ఉంది. రాణీఖేత్ ఉన్న కొండల్లోనే ముక్తేశ్వర్ అనే ఊరుంది. అక్కడి పశు పరిశోధన సంస్థలో 1940లలో ఒక టీకా తయారుచేశారు. పెద్ద కోళ్లకు ఇప్పటికీ ఆ రకం టీకా వేస్తున్నారు.

సీసా పెద్దది, కోళ్లు తక్కువ

వానలు పడ్డాయి. మిగిలిన పెట్టలు మళ్లీ పొదిగాయి. కొడుకు ఒక మాట అన్నాడు.

"అమ్మా, వనరాజా పిల్లల్ని కొందామా? గుడ్లు ఎక్కువ పెడతాయంట."

వనరాజా, గ్రామప్రియ అనే రకాలను హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థలో తయారుచేశారు. వనరాజా పెట్ట ఏడాదికి 100 గుడ్లు దాటి పెడుతుంది. గ్రామప్రియ ఇంకా ఎక్కువ పెడుతుంది. కానీ ఆ రకాలు పొదగవు. పిల్లలు కావాలంటే మళ్లీ కొనుక్కోవాలి.

"పొదగని పెట్ట నాకొద్దు. నాటు కోడే మేలు" అంది అత్త.

"ఏ కోడయినా తెగులొస్తే ఉంటాదేటి? ముందు టీకా సంగతి చూద్దాం" అంది కోడలు.

డిసెంబరులో కోడలు పశువుల ఆసుపత్రికి వెళ్లింది. అక్కడి డాక్టరమ్మను అడిగింది.

"అమ్మా, మా కోళ్లకు కొక్కెర తెగులు టీకా వేస్తారా?"

"వేస్తాం. మీకు కోళ్లెన్ని ఉన్నాయి?"

"అయిదండి."

డాక్టరమ్మ ఒక చిన్న సీసా చూపించింది. "ఈ ఒక్క సీసా వంద కోళ్లకు వస్తుంది. మందు పొడిగా ఉంటుంది. నీళ్లు కలిపాక గంట, రెండు గంటల్లో వాడెయ్యాలి. తరవాత పనిచెయ్యదు. అయిదు కోళ్లకు సీసా విప్పితే మిగతా మందు పారబోయాలి. మీ వీధిలో కోళ్లెన్ని ఉన్నాయో రాసుకుని రండి. అందరికీ ఒకే రోజు వేద్దాం" అంది.

కోడలు ఇంటికొచ్చింది. పిల్ల నోటు పుస్తకంలో ఒక కాగితం తీసుకుంది. ఇల్లిల్లూ తిరిగింది. వీధిలో పది ఇళ్లకు కోళ్లున్నాయి. తొమ్మిది ఇళ్లవాళ్లు సరే అన్నారు.

పదో ఇంటి పిన్ని ఒప్పుకోలేదు. "సూది వేస్తే గుడ్లు మానేస్తాయి. నాకొద్దు తల్లీ" అంది.

"కొన్నాళ్లు తగ్గుతాయంట పిన్నీ. మళ్లీ పెడతాయంట. డాక్టరమ్మే చెప్పింది."

పిన్ని వినలేదు. కోడలు గట్టిగా అనలేదు. కాగితం మీద తొమ్మిది ఇళ్లే రాసుకుంది.

ఇదీ ఆ కాగితం:

ఇల్లు 1: పెద్ద కోళ్లు 5, పిల్లలు 9
ఇల్లు 2: పెద్ద కోళ్లు 7, పిల్లలు లేవు
ఇల్లు 3: పెద్ద కోళ్లు 12, పిల్లలు 8
ఇల్లు 4: పెద్ద కోళ్లు 4, పిల్లలు లేవు
ఇల్లు 5: పెద్ద కోళ్లు 9, పిల్లలు 11
ఇల్లు 6: పెద్ద కోళ్లు 15, పిల్లలు లేవు
ఇల్లు 7: పెద్ద కోళ్లు 6, పిల్లలు 7
ఇల్లు 8: పెద్ద కోళ్లు 11, పిల్లలు లేవు
ఇల్లు 9: పెద్ద కోళ్లు 8, పిల్లలు 6

మొదటి ఇల్లు కోడలిదే. ఆ ఇంటి పిల్లల అంకె మాత్రం చివర్న రాసింది. అప్పటికి అవి ఇంకా గుడ్లలోనే ఉన్నాయి.

గోడ మీద తారీఖులు

వంటింటి గోడకు క్యాలెండరు ఉంది. కోడలు డిసెంబరు 22 దగ్గర పెన్సిలుతో రాసింది: "పెట్ట కింద 11 గుడ్లు."

గుడ్లు పొదగడానికి 21 రోజులు పడుతుంది. కోడలు వేళ్ల మీద లెక్కపెట్టింది. జనవరి 12 దగ్గర రాసింది: "పిల్లలు."

అత్త నవ్వింది. "క్యాలెండరు చూసుకుని పొదుగుతాదేటే పెట్ట?"

ఏడో రోజు రాత్రి కోడలు గుడ్లను ఒక్కొక్కటీ టార్చిలైటు ముందు పట్టి చూసింది. తొమ్మిదింట్లో ఎర్రటి నరాలు, నల్లటి చుక్క కనిపించాయి. రెండు గుడ్లు ఖాళీగా ఉన్నాయి. వాటిని తీసేసింది.

జనవరి 12న తొమ్మిది పిల్లలు పుట్టాయి. అత్త క్యాలెండరు వైపు చూసింది. ఏమీ అనలేదు. మర్నాడు "టీకా ఎప్పుడే పిల్లా?" అని తనే అడిగింది.

సంక్రాంతి అయింది. కనుమకు అల్లుళ్లొచ్చారు. పండగ హడావుడి తగ్గింది. జనవరి 19 టీకా రోజు.

ముందు రోజు రాత్రే అందరూ కోళ్లను గంపల కింద మూసేశారు. తెల్లారాక పట్టుకోవాలంటే వీధంతా పరిగెత్తాలి. పొద్దున్నే ఆసుపత్రి మనిషి వచ్చాడు. టీకా సీసాలు ఐసు ముక్కల మధ్య ఫ్లాస్కులో ఉన్నాయి. ఎండ తగిలినా, వేడి తగిలినా టీకా పాడవుతుంది.

కోడలు సీసా చేతిలోకి తీసుకుంది. కూడబలుక్కుని చదివింది. దాని మీద గడువు తారీఖు ఉంది. గడువు ఇంకా దాటలేదు.

పిల్లలకు కంట్లో ఒక్కో చుక్క వేశారు. పెద్ద కోళ్లకు చర్మం కింద సూది వేశారు. నీరసంగా ఉన్న కోడికి వెయ్యలేదు. టీకా ఆరోగ్యంగా ఉన్న కోడికే వెయ్యాలి.

అయిదో ఇంట్లో ఒక పెట్ట గంప తోసుకుని పారిపోయింది. చెట్టెక్కి కూర్చుంది. దానికి టీకా పడలేదు.

పని అయ్యాక అందరూ సబ్బుతో చేతులు కడుక్కున్నారు. కోడలు క్యాలెండరు మీద ఇంకో రెండు తారీఖులు రాసింది. ఫిబ్రవరి 9: "పిల్లలకు మళ్లీ చుక్క." మార్చి 9: "పిల్లలకు సూది." మొదటి తారీఖుకు పిల్లలకు నాలుగు వారాలు నిండుతాయి. రెండో తారీఖుకు ఎనిమిది వారాలు నిండుతాయి.

నాలుగైదు రోజులు గుడ్లు తగ్గాయి. ఎవరూ కంగారు పడలేదు. తరవాత మామూలుగా పెట్టాయి.

మళ్లీ వేసవి

ఏప్రిల్ వచ్చింది. పక్క వీధిలో కోళ్లు తూలుతున్నాయని కబురొచ్చింది. ఆడవాళ్లు పక్క వీధి కోళ్లను కొనలేదు. వాళ్ల గంపలు తేలేదు. గూళ్ల దగ్గర సున్నం జల్లారు.

అయినా తెగులు వచ్చింది. పదో ఇంట్లో 12 కోళ్లుంటే తొమ్మిది పోయాయి. అయిదో ఇంట్లో ఒక కోడి పోయింది. ఆ రోజు చెట్టెక్కి కూర్చున్న పెట్ట అదే. టీకా పడ్డ కోళ్లు నిలబడ్డాయి.

పోయిన కోళ్లను ఈసారి కాలవలో పారెయ్యలేదు. లోతుగా గొయ్యి తీశారు. సున్నం వేసి పూడ్చారు. పిన్ని కోళ్లను పూడ్చడానికి అత్తా కోడళ్లే సాయం వెళ్లారు.

పిన్ని గట్టు మీద కూర్చుంది. చాలాసేపు మాట్లాడలేదు. తరవాత "ఈసారి ఎప్పుడు వేస్తారే?" అంది.

"ఆరు నెలలకోసారి వెయ్యాలంట పిన్నీ. జులై నెల కాగితం మీద నీ ఇల్లు కూడా రాస్తాను" అంది కోడలు.

"నీ కోళ్లయితే లెక్కకొచ్చాయి. నావి మూడే కదా" అంది పిన్ని.

"మూడయితే మూడే రాస్తాను" అంది కోడలు.

జూన్‌లో బడి తెరిచారు. నోటు పుస్తకాలు కోళ్ల డబ్బుతోనే కొన్నారు.

గుర్తుంచుకోండి

1. కొక్కెర తెగులుకు మందు లేదు. టీకాయే దారి.
2. పుట్టిన వారంలోపు పిల్లలకు చుక్క వేయించాలి. నాలుగు వారాలకు మళ్లీ చుక్క. ఎనిమిది వారాలకు సూది.
3. ఎండలు ముదరకముందే టీకా వేయించాలి.
4. సీసా మీద గడువు తారీఖు చదవండి. టీకా ఐసులో ఉందో లేదో చూడండి.
5. జబ్బు కోడిని విడిగా కట్టెయ్యండి. అమ్మకండి. చచ్చిన కోడిని సున్నం వేసి పూడ్చండి.
6. కొత్తగా కొన్న కోడిని రెండు వారాలు విడిగా ఉంచండి.
7. ఒక్కసారే చాలా కోళ్లు చనిపోతే వట్టి చేతులతో ముట్టుకోకండి. వండుకోకండి. వెంటనే పశువుల ఆసుపత్రికి చెప్పండి. అది బర్డ్ ఫ్లూ కూడా కావచ్చు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో కోళ్లకు ఆ జబ్బు వచ్చింది.

చదవండి - రాయండి

1. తొమ్మిది ఇళ్లలో పెద్ద కోళ్లు మొత్తం ఎన్ని? పిల్లలు మొత్తం ఎన్ని? కూడి చూడండి. (పెద్దవి 77, పిల్లలు 41 రావాలి.)
2. వంద కోళ్లకు వచ్చే సీసా పెద్ద కోళ్లకు ఒక్కటి సరిపోయిందా?
3. మార్చి 1న పెట్ట కింద గుడ్లు పెడితే పిల్లలు ఏ తారీఖున పుడతాయి?
4. పిన్ని టీకా ఎందుకు వద్దంది? మీరయితే ఆమెకు ఏమని చెప్పేవారు?
5. మీ వీధిలో ఎన్ని ఇళ్లకు కోళ్లున్నాయి? ఒక కాగితం మీద రాయండి. ఆ కాగితం పట్టుకుని పశువుల ఆసుపత్రికి వెళ్లండి.