సొమ్ములు

రాయపూర్ శివారులోని ఉర్లా పారిశ్రామిక వాడలో మన శాఖ కౌంటరు దగ్గర తెలుగు వినబడటం వింతేమీ కాదు. ఇనుము, ఉక్కు మిల్లుల్లో పనికి శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు. ఒకరోజు ఒక పెద్దావిడ కొడుకు వెల్డింగ్ షెడ్డు రుణం కోసం వచ్చింది. మార్జిన్ డబ్బు ఎక్కడిదని అడిగాను.

"సొమ్ములమ్మీసి తెచ్చినాను బాబూ."

నాది గుంటూరు. సొమ్ములంటే మాకు నగలు. దరఖాస్తులో 'ఆభరణాల విక్రయం' అని రాసి, నగల దుకాణం రసీదు అడిగాను. ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "దుకాణం ఏటి బాబూ? సంతలో అమ్మినాను. చూడావు ఒకటి, ఎడ్ల జత."

ఉత్తరాంధ్రలో సొమ్ములంటే పశువులని ఆ రోజే తెలిసింది. రాసింది కొట్టేసి మళ్లీ రాశాను. రసీదు కూడా నగల దుకాణానిది కాదు, సంతది కావాలి మరి!

ఇంటికెళ్లాక ఆ మాట వదల్లేదు. సంస్కృత 'పశు', లాటిన్ 'పెకు' ఒకే మూలం నుంచి వచ్చినవి. పశుసంపదను చెప్పే ఆ లాటిన్ మాట నుంచే డబ్బుకు 'పెకూనియా' అన్న పేరు పుట్టింది. ఎంబీఏలో రెండేళ్లు వల్లించిన 'క్యాపిటల్' కూడా లాటిన్‌లో తల అనే అర్థమున్న 'కాపుట్' నుంచి వచ్చిందే. ఇంగ్లీషు 'క్యాటిల్', మన తాకట్టు పత్రాల్లో కనిపించే 'ఛాటెల్' దానికి తోబుట్టువులు. ఇది ఒక్క ప్రొఫెసరూ చెప్పలేదు. ఇక్కడి ఛత్తీస్‌గఢ్‌లోనూ పశువు ధనమే: 2020 జూలై 20న మొదలైన పథకం పేరు గోధన్ న్యాయ్ యోజన. ప్రభుత్వం పేడను కిలో 2 రూపాయలకు కొన్నది.

మనం మాత్రం పశువును తిట్టుగా మార్చుకున్నాం. 'పశువులా ప్రవర్తించాడు' అంటాం, చాకిరీ ఎక్కువైతే 'గొడ్డుచాకిరీ' అంటాం. 'పాడిపంట'లో పాడే ముందుందని గుర్తుండదు.

రుణం మంజూరయ్యాక ఆమె మళ్లీ వచ్చింది. సంతకాలయ్యాక కాస్త మొహమాటంగా అడిగింది: "ఈ అప్పు తీరిపోయినాక సొమ్ములు కొనుక్కోడానికి ఇస్తారా బాబూ?"

కిసాన్ క్రెడిట్ కార్డు పశుపోషణకూ వర్తిస్తుందనీ, పశువుల కొనుగోలుకు విడిగా రుణం ఉంటుందనీ చెప్పి, ఊరి దగ్గరి శాఖలో అడగమన్నాను. కాగితం మీద రాసిచ్చాను. ఈసారి 'పశువులు' అని కాదు, 'సొమ్ములు' అనే రాశాను. అక్కడి మేనేజరు ఆ వైపువాడే అయివుండాలి.