వ్యాపార సంస్థలకు సైబర్ ముప్పు: పరీక్షల్లో అడిగేవి

రాన్సమ్‌వేర్: ఫైళ్లను ఎన్‌క్రిప్ట్ చేసి, విడిపించడానికి డబ్బు గుంజే మాల్‌వేర్. వానాక్రై దాడి 2017 మే 12న మొదలై సుమారు 150 దేశాలకు పాకింది. వాడుకున్న విండోస్ లోపానికి మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ప్యాచ్ ఇచ్చింది. వేసుకోని సంస్థలే దెబ్బతిన్నాయి. ఈ ఒక్క విషయం బాగా గుర్తుంచుకోండి.

అదే ఏడాది జూన్ 27న నాట్‌పెట్యా. చూడటానికి రాన్సమ్‌వేర్, నిజానికి వైపర్: డబ్బు కట్టినా డేటా రాదు. ఉక్రెయిన్ అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ద్వారా వ్యాపించి, షిప్పింగ్ సంస్థ మేర్స్క్‌ను, ముంబయి దగ్గరి ఓడరేవు జేఎన్‌పీటీలో ఒక టెర్మినల్‌ను స్తంభింపజేసింది. రాన్సమ్‌వేర్, వైపర్ తేడాపై ప్రశ్న రావచ్చు.

సప్లై చైన్ దాడి: నమ్మిన సరఫరాదారు ద్వారా చొరబడటం. ఉదాహరణ: సోలార్‌విండ్స్, 2020 డిసెంబరులో బయటపడింది. నాట్‌పెట్యా కూడా ఈ కోవదే.

డీప్‌ఫేక్ మోసం: 2024లో వెలుగుచూసిన హాంకాంగ్ ఉదంతం. వీడియో కాల్‌లో నకిలీ అధికారులు, సుమారు 20 కోట్ల హాంకాంగ్ డాలర్ల నష్టం.

ఐటీ చట్టం, 2000: అమలు 2000 అక్టోబరు 17.
66సి: గుర్తింపు చౌర్యం. 66డి: వేరొకరిలా నటించి మోసం. 66ఎఫ్: సైబర్ ఉగ్రవాదం, గరిష్ఠంగా యావజ్జీవం. 70బి: సెర్ట్-ఇన్ (సైబర్ దాడులపై స్పందించే జాతీయ సంస్థ). 66ఎ, 66ఎఫ్‌లను కలగాపులగం చేయొద్దు. 66ఎను సుప్రీంకోర్టు 2015లో కొట్టేసింది (శ్రేయా సింఘాల్ కేసు).

తప్పక చదవాల్సినది: సెర్ట్-ఇన్ ఆదేశాలు, 2022 ఏప్రిల్ 28. దాడి తెలిసిన 6 గంటల్లో సమాచారమివ్వాలి. లాగ్‌లు 180 రోజులు భద్రపరచాలి.

డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం, 2023: భద్రతా వైఫల్యానికి జరిమానా రూ.250 కోట్ల వరకు.

సైబర్ నేరాల హెల్ప్‌లైన్: 1930.