క్షీణోపాంత ప్రయోజన సూత్రము

మండుటెండలో కాలినడకన కొండ నెక్కి వచ్చిన యాత్రికునకు మొదటి గ్లాసు మజ్జిగ అమృతప్రాయము. రెండవది హితవుగా నుండును. మూడవది చాలుననిపించును. నాలుగవది మింగుడుపడదు. మజ్జిగ రుచి మారలేదు; దాహము తీరినది.

అర్థశాస్త్రమున దీనిని క్షీణోపాంత ప్రయోజన సూత్రమందురు. ఒక వస్తువును మరియొక ప్రమాణము అదనముగా వినియోగించినప్పుడు కలుగు అదనపు తృప్తియే ఉపాంత ప్రయోజనము. మొదటి గ్లాసు వలన తృప్తి 10, రెండవదాని వలన 6, మూడవదాని వలన 2 అనుకొన్నచో, మొత్తము తృప్తి 18కి చేరును. అయినను ఒక్కొక్క గ్లాసు చేర్చునది తగ్గుచునే యుండును. వెంటవెంటనే త్రాగినప్పుడే ఈ సూత్రము వర్తించును. సాయంకాలమునకు మరల దాహము కలుగును.

జర్మనీ దేశీయుడైన గోసెన్ 1854లో ఈ సూత్రమును గ్రంథస్థము చేసెను. ఆదరణ లేక ప్రతులను తానే ఉపసంహరించుకొనెను. 1890లో ఆంగ్ల అర్థశాస్త్రవేత్త మార్షల్ ధనమునకును దీనిని వర్తింపజేసి, ఒకే నాణెము ధనికునికన్న పేదవానికి ఎక్కువ తృప్తినిచ్చునని వివరించెను.

ఇరువురి తృప్తిని కొలిచి పోల్చుట శాస్త్రసమ్మతము కాదని 1932లో రాబిన్స్ ఆక్షేపించెను. అయినను చలివేంద్రము కడ నిలిచినవానికి ఆ కొలబద్ద అవసరము లేదు. తాను వద్దను నాలుగవ గ్లాసు, వెనుక మెట్లెక్కి వచ్చుచున్న వృద్ధురాలికి మొదటిది.